సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొంటున్నారా? వేరియంట్ తేడాలు పట్టుకోవడం ఎలా?

భీమవరంలోనో రాజమండ్రిలోనో సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్తే ముందు వినిపించే మాట "టాప్ ఎండ్ అండి". బేస్ మోడల్‌కీ టాప్ మోడల్‌కీ కొత్తలో లక్షల్లో తేడా ఉంటుంది కాబట్టి ఆ మాట మీదే రేటు పెరుగుతుంది. అది నిజమో కాదో, నిజమే అయినా మనకు పనికొస్తుందో లేదో మనమే తేల్చుకోవాలి.

ముందు ఆర్సీ అడగండి. మోడల్ అన్న చోట చాలా బండ్లకు వేరియంట్ (బేస్, టాప్ లాంటి రకం) పేరు కూడా ఉంటుంది. అక్కడ లేకపోతే ఇన్సూరెన్స్ పాలసీలో చూడండి. వెనక డోర్ మీద అంటించిన అక్షరాలను మాత్రం నమ్మొద్దు, అవి బయట షాపుల్లో దొరుకుతాయి. బండి తయారైన నెల, సంవత్సరం కూడా రాసుకోండి.

ఆ సంవత్సరంతో చాలా పని ఉంది. మహీంద్రా ఎక్స్‌యూవీ500 2011లో వచ్చినప్పుడు డబ్ల్యూ8 వేరియంట్ అంటే అన్నిటికన్నా పైది. 2015లో దాని మీద డబ్ల్యూ10 వచ్చింది, సన్‌రూఫ్ దానికే ఇచ్చారు. పేరు అదే, స్థానం మారిపోయింది. కాబట్టి ఆ ఏడాది బ్రోషర్‌నే నెట్‌లో వెతికి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.

ఇప్పుడు బ్రోషర్‌లోని ఫీచర్లను రెండుగా విడదీయండి: తర్వాత మనం వేయించుకోగలిగేవి, వేయించుకోలేనివి. అలాయ్ వీల్స్, టచ్ స్క్రీన్, రివర్స్ కెమెరా, లెదర్ సీట్ కవర్లు మొదటి రకం. వీటి కోసం పై వేరియంట్ రేటు పెట్టడం నా దృష్టిలో దండగ. ఎయిర్‌బ్యాగ్‌లు, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, బండి జారకుండా పట్టే ఈఎస్‌సీ, ఇంజిన్, గేర్‌బాక్స్ రెండో రకం. డబ్బు పెట్టాల్సింది వీటికే. మన కాలువ గట్ల రోడ్లు వానకు తడిసి ఉంటాయి, పక్కన గోడ కూడా ఉండదు. ఎదురుగా గేదె వచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాల్సి వస్తే ఏబీఎస్, ఈఎస్‌సీ ఉన్న బండికీ లేని బండికీ తేడా ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండి కదా, ఇక్కడ రాజీ పడొద్దు.

పాత బండ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. 2016లో వచ్చిన మారుతి విటారా బ్రెజాలో కింది వేరియంట్లైన ఎల్‌డీఐ, వీడీఐలకు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఆప్షన్ మాత్రమే. 2018 హ్యుందాయ్ క్రెటాలో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు ఎస్‌ఎక్స్ (ఆప్షన్) అనే టాప్ వేరియంట్‌లోనే ఉన్నాయి. 2019 జూలై నుంచి తయారైన కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగ్ అన్ని మోడళ్లకూ తప్పనిసరి అయింది 2021 చివరికే.

కాగితం మీద చూసింది బండిలో ఉందో లేదో చూడండి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే సీటు పక్కన చిన్న ట్యాగ్ ఉంటుంది, కవర్ వేసి ఉంటే తీయించండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా ఆ బండి వదిలేయండి. బయట కోయించి పెట్టిన సన్‌రూఫ్ ఉన్నా అంతే.

మన దగ్గర ఇంకొకటి చూడాలి. 2022 జూలై గోదావరి వరదల్లో లంక గ్రామాలు మునిగాయి. పై వేరియంట్‌లలో సీట్ల కింద వైరింగ్, కనెక్టర్లు ఎక్కువ కాబట్టి నీళ్లు చేరితే రిపేర్లూ ఎక్కువే. సీటు పట్టాల సందుల్లో, స్టెప్నీ గుంటలో ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. అద్దాలు, ఏసీ, సెంట్రల్ లాక్ అన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి.

బేరానికి కూర్చున్నాక, అదే ఏడాది, దాదాపు అన్ని కిలోమీటర్లే తిరిగిన కింది వేరియంట్ ఎంత పలుకుతోందో తెలుసుకుని, తేడా మొత్తం దేనికి ఇస్తున్నారో అమ్మేవారినే అడగండి. పుష్ బటన్ స్టార్ట్ ఉన్న బండైతే రెండో స్మార్ట్ కీ చేతికి వచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. కొత్తది చేయించాలంటే వేలల్లో అవుతుంది.