జీన్ నెట్‌వర్క్‌లో మాడ్యూల్స్ వెతికే ముందు

కలిసి మారే జీన్స్‌ని లింకులతో కలిపితే జీన్ నెట్‌వర్క్, అందులో దగ్గరగా అల్లుకున్న గుంపులే మాడ్యూల్స్. వాటిని వెతికే క్లస్టరింగ్ అల్గారిదమ్ ఏ డేటా ఇచ్చినా ఏవో కొన్ని గుంపులు చేసి చేతిలో పెడుతుంది. ఆ గుంపు కణంలో జరిగే పని వల్ల వచ్చిందా, సగం శాంపిల్స్‌ని వేరే రోజు సీక్వెన్స్ చేయడం వల్ల వచ్చిందా అన్నది దానికి పట్టదు. కాబట్టి జాగ్రత్తలు ఎక్కువగా రన్ చేయకముందే తీసుకోవాలి.

మొదట శాంపిల్స్. డబ్ల్యూజీసీఎన్ఏ (ఇలాంటి నెట్‌వర్క్ కట్టి మాడ్యూల్స్ వెతికే ఆర్ ప్యాకేజీ) తయారుచేసినవాళ్లే 15 కన్నా తక్కువుంటే వద్దంటారు, 20 అయినా ఉంటే మేలంటారు. జీన్స్ జోలికి వెళ్లేముందు శాంపిల్స్‌నే క్లస్టర్ చేసి చెట్టు గీయండి. ఒక శాంపిల్ అన్నిటికీ దూరంగా వేలాడుతుంటే ఎందుకో తేల్చుకోండి. చెట్టు బ్యాచ్‌ల (కలిపి ఒకేసారి సీక్వెన్స్ చేసిన శాంపిల్స్) వారీగా చీలితే ముందు అది సరిచేయండి. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ కౌంట్లయితే (ఒక్కో జీన్‌కి ఎన్ని రీడ్స్ వచ్చాయన్న లెక్క) యథాతథంగా ఇవ్వకండి. దాదాపు అన్ని శాంపిల్స్‌లోనూ 10 లోపు కౌంట్ ఉన్న జీన్స్ తీసేసి, వేరియన్స్‌ని (విలువలు ఎంత చెదిరి ఉన్నాయన్నది) స్థిరపరిచే ట్రాన్స్‌ఫర్మేషన్ చేశాక ఇవ్వండి.

డిఫరెన్షియల్ జీన్స్ (పోల్చే రెండు రకాల శాంపిల్స్ మధ్య తేడా చూపినవి) మాత్రమే ఏరి ఇవ్వాలనిపిస్తుంది. వద్దు. అవి ఒకే తేడాను బట్టి కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. ఒకటి రెండు భారీ మాడ్యూల్స్ వచ్చి కూర్చుంటాయి, స్కేల్-ఫ్రీ లెక్కా (కొద్ది జీన్స్‌కే చాలా లింకులు, మిగతావాటికి కొన్నే ఉంటాయన్న అంచనా) కుదరదు. ఏరాలంటే వేరియన్స్‌ని బట్టి ఏరండి.

ఇక డబ్ల్యూజీసీఎన్ఏ డిఫాల్ట్‌లు. నెట్‌వర్క్ రకం అన్‌సైన్డ్‌గా ఉంటుంది. అలాగే వదిలేస్తే ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గే జీన్స్ కూడా ఒకే మాడ్యూల్‌లో పడతాయి. నా ఓటు వాటిని విడదీసే సైన్డ్‌కే. అప్పుడు పవర్ (కోరిలేషన్‌ని ఏ ఘాతానికి పెంచాలన్నది) కూడా మార్చాలి: శాంపిల్స్ 40 దాటితే అన్‌సైన్డ్‌కి 6 చాలు, సైన్డ్‌కి 12 కావాలి. బ్లాక్ సైజు (ఒకేసారి లెక్కలోకి తీసుకునే జీన్స్ సంఖ్య) 5000 దగ్గర ఉంటుంది. 20,000 జీన్స్ ఇస్తే చప్పుడు లేకుండా ముక్కలు చేసి నడిపిస్తుంది, మెమరీ ఉంటే పెంచుకోండి. గ్రే రంగులో వచ్చేది మాడ్యూల్ కాదు, ఎక్కడా చేరని జీన్స్ కుప్ప. దానికి ఎన్‌రిచ్‌మెంట్ (ఏ పనికి చెందిన జీన్స్ మామూలు కన్నా ఎక్కువున్నాయో చూడటం) చేసి కథ అల్లేవాళ్లూ ఉంటారు!

డబ్ల్యూజీసీఎన్ఏ బదులు లూవైన్ (నెట్‌వర్క్‌ని గుంపులుగా విడగొట్టే ఇంకో అల్గారిదమ్) వాడుతుంటే చిన్న మాడ్యూల్స్ పెద్దవాటిలో కలిసిపోవచ్చు, లోపల అతుకు లేని గుంపులూ రావచ్చు. ఈ రెండోదాన్ని 2019లో వచ్చిన లైడెన్ అల్గారిదమ్ సరిచేసింది. ఈ రెంటిలో ఏది వాడినా సీడ్ (రాండమ్ సంఖ్యలు మొదలయ్యే అంకె) మార్చి మళ్లీ మళ్లీ నడపండి. ప్రతిసారీ చెల్లాచెదురయ్యే మాడ్యూల్‌ని నమ్మకండి. ఎన్‌రిచ్‌మెంట్‌కి బ్యాక్‌గ్రౌండ్‌గా జీనోమ్ మొత్తం కాదు, నెట్‌వర్క్‌లోకి వెళ్లిన జీన్స్ మాత్రమే ఇవ్వండి. లేకపోతే ఆ కణజాలంలో మామూలుగా పనిచేసే జీన్స్ అన్నీ పెద్ద ఆవిష్కరణలా కనిపిస్తాయి.