బుడుదు వేసి సముద్రం లోతు చూడటం ఎలా?

గోదావరిలో పడవవాళ్లు గడకర్ర దింపి లోతు చూస్తారు. గడ అందని సముద్రంలో ఆ పని చేసేది సీసపు గుండు కట్టిన తాడు. దాన్నే బుడుదు అంటారు. శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్లు వచ్చాక ఇది మూలన పడింది కానీ, చిన్న పడవలో ఒకటి ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. కరెంటు పోయినా ఇది పనిచేస్తుంది. పైగా అడుగున ఉన్నది ఇసుకో బురదో పైకి తెచ్చి చూపిస్తుంది. కింద చెప్పేది బ్రిటిష్ నౌకాదళం వాడిన పద్ధతి.

1. గుండు

చేత్తో విసిరే గుండు బరువు 7 నుంచి 14 పౌండ్లు ఉండేది. చిన్న పడవకు 3 కిలోలది చాలు. సన్నగా, పొడవుగా ఉండాలి. అడుగున చిన్న గుంట తప్పనిసరి. సీసం ముట్టుకున్నాక చేతులు శుభ్రంగా కడుక్కోండి.

2. తాడు

సాగని తాడు కావాలి, కాబట్టి నైలాన్ వద్దు. అల్లిన పాలిస్టర్ తాడు మేలు. నూలు తాడో నార తాడో అయితే నీళ్లలో నానబెట్టి, బరువు వేలాడదీసి, బాగా సాగాక తడి మీదే కొలవాలి. పొడిగా ఉన్నప్పుడు కొలిస్తే గుర్తులన్నీ తప్పుతాయి.

3. గుర్తులు

ఈ పద్ధతిలో అసలు తెలివంతా ఇక్కడే ఉంది. కొలత బారల్లో ఉంటుంది. బార అంటే 6 అడుగులు, అంటే దాదాపు 1.83 మీటర్లు. 2 బారల దగ్గర రెండు తోలు పీలికలు, 3 దగ్గర మూడు. 5 దగ్గర తెల్ల నూలు గుడ్డ, 7 దగ్గర ఎర్రటి జెండా గుడ్డ, 10 దగ్గర చిల్లు పెట్టిన తోలు ముక్క. 13కు నీలం ఉన్ని గుడ్డ. 15కు మళ్లీ తెలుపు, 17కు ఎరుపు, 20కి రెండు ముడులు వేసిన దారం.

రంగులు పగటికి పనికొస్తాయి. రాత్రి, వానలో వేళ్లే చూడాలి. అందుకే ప్రతి గుడ్డ నేత వేరుగా ఉంటుంది. చలికి వేళ్లు మొద్దుబారితే పెదవులకు తాకించి పోల్చుకునేవారని చెబుతారు. మీరు కట్టాక కళ్లు మూసుకుని తడిమి చూడండి. ఏ రెండు పక్క గుర్తులైనా ఒకేలా తగిలితే ఒకటి మార్చేయండి.

కొలత గుండు పైకొస నుంచి మొదలుపెట్టండి. గుండు పొడవు లెక్కలోకి రాదు కాబట్టి అసలు లోతు మీరు చదివినదానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ తేడా మీ పడవకు రక్షణ.

4. విసరడం

గుండు అడుగు గుంటలో కొవ్వుగానీ సబ్బు ముద్దగానీ నొక్కండి. నేల మీది ఇసుక, గవ్వ పొడి, బురద దానికి అంటుకుంటాయి. చార్టులో, అంటే సముద్ర పటంలో, అడుగు నేల రకం రాసి ఉంటుంది, పోల్చి చూస్తే మీరెక్కడున్నారో అంచనా దొరుకుతుంది. గుంట శుభ్రంగా పైకొస్తే కింద రాయి ఉండొచ్చు. అక్కడ లంగరు నమ్మకంగా పట్టదు.

పడవ వేగం బాగా తగ్గించండి. తాడు రెండో కొస పడవకు కట్టండి. చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోవద్దు. ముందు భాగంలో నిలబడి, గుండును ఊపి పడవ వెళ్లే దిక్కుకే ముందుకు విసరండి. అది మునిగేలోపు పడవ దాని మీదికి వస్తుంది. తాడు నిట్టనిలువుగా అయినప్పుడు వదులు లాగేసి, గుండును కొంచెం ఎత్తి దించండి. నేల తగిలినట్టు చేతికి తెలుస్తుంది. తాడు ఏటవాలుగా ఉండగా చదివితే లేని లోతు ఉన్నట్టు కనిపిస్తుంది, అది ప్రమాదం.

5. చదవడం

నీటి మట్టం దగ్గర ఎర్ర గుడ్డ ఉంటే "బై ద మార్క్ సెవెన్" అని అరిచేవారు. గుర్తు లేని 6 దగ్గరైతే అంచనా వేసి "బై ద డీప్ సిక్స్" అనేవారు. ఏది కొలత, ఏది అంచనా అన్నది ఆ కేకలోనే కెప్టెన్‌కు తెలిసిపోయేది.

ఒక్కసారి వేసి ఊరుకోవద్దు. పౌలు ఎక్కిన ఓడ తుపానులో మాల్టా వైపు కొట్టుకుపోతుండగా నావికులు అర్ధరాత్రి బుడుదు వేస్తే మొదట 20 బారలు, కాసేపటికి 15 వచ్చాయని బైబిలులో ఉంది. రాళ్లకు తగులుతామని భయపడి వెంటనే వెనక వైపు నుంచి నాలుగు లంగర్లు దించారు. లోతు తగ్గుతోందని చెప్పింది ఆ రెండో కొలతే.

చార్టుతో పోల్చేముందు ఒక లెక్క ఉంది. చార్టులోని లోతులు బాగా తక్కువ నీరున్న మట్టం నుంచి రాసినవి. కాబట్టి ఆటుపోట్ల పట్టికలో ఆ గంటకు ఉన్న నీటి ఎత్తును మీ కొలతలోంచి తీసేసి, మిగిలిన అంకెనే పోల్చండి.