సండే స్కూలు పాటల గంటకు ముందు జాగ్రత్తలు

దాచిన వస్తువును పాటతో వెతికించే ఆటలో, వెతికేవాడు దగ్గరైతే గట్టిగా, దూరమైతే మెల్లగా పాడాలి. దాచేది చింతపిక్క కాకూడదు, చిన్నవాళ్ల నోట్లోకి పోతుంది. పిడికిలిలో పట్టనంత బంతి మేలు. ప్రసంగ వేదిక దగ్గర దాచకండి. నేను దాచాను, బల్ల మీది గుడ్డంతా లాగేశారు.

శృతి ముందే చూసుకోండి. మగగొంతుకు కుదిరిన శృతిలో అందుకుంటే పిల్లలకు కింది స్వరాలు అందవు, గొణుగుతారు.

నున్నటి బండల మీద ఆటలైతే సాక్సులు విప్పించండి.

కాజీపేట జంక్షన్ పక్కన పాడిస్తుంటే రైలు కూత రానే వస్తుంది. విసుక్కోకుండా, కూత వినగానే బొమ్మల్లా బిగుసుకుపోవాలని ముందే చెప్పండి, అదీ ఆటే.

చార్టు అక్షరాలను చివరి వరుసలో కూర్చుని మీరే చదివి చూడండి.

కంజీర ఒక్కటే ఉంటే బయటికి తీయకండి, కొట్లాట ఖాయం.