పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు

ఇన్‌స్టాలో ఏరి పెట్టిన ఇరవై ఫొటోలు చూసి ఒప్పుకోవద్దు. రాత్రి ముహూర్తానికి తీసిన ఒక పెళ్లి ఫొటోలన్నీ చూపించమనండి. మండపంలో రంగురంగుల లైట్లు కలిస్తే ముఖాల రంగు మారిపోతుంది. పనితనం తెలిసేది అక్కడే.

జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ క్షణాల్లో అయిపోతాయి. ఆ సమయానికి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు చెరోవైపు ఉండాలి. రెండు మెమొరీ కార్డుల్లో ఒకేసారి సేవ్ చేసే కెమెరాలే వాడమనండి. ఉన్న ఒక్క కార్డు పాడైతే ఆ ఘట్టం మళ్లీ రాదు. తాళి కట్టేటప్పుడు సెల్‌ఫోన్లతో ముందుకొచ్చేవాళ్లను పక్కకు జరపడానికి ఇంటి మనిషినొకరిని పెట్టండి.

వచ్చేదెవరో పేరుతో సహా రాయించుకోండి. ముహూర్తాలు ఎక్కువున్న రోజు వేరేవాళ్లను పంపేస్తుంటారు.

ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, అదనపు షీటుకెంత, ఎడిట్ చేయని ఫైళ్లు ఇస్తారా, గడువెంత: అన్నీ కాగితం మీదే. చివరి వాయిదా ఆల్బమ్ చేతికందాకే.