మొబైల్‌లో కార్డు పక్కకు పొంగుతుంటే: సరిచేసిన తీరు

వెబ్ పేజీ డిజైన్‌లో కార్డు (బొమ్మ, శీర్షిక ఉన్న పెట్టె) వెడల్పు 360 పిక్సెళ్లు: ఎడమవైపు 120 పిక్సెళ్ల బొమ్మ, పక్కన శీర్షిక. రెంటినీ ఫ్లెక్స్‌తో (పక్కపక్కన పేర్చే పద్ధతి) పెట్టాను. 320 పిక్సెళ్ల తెరపై పేజీ అడ్డంగా జరుగుతోంది. ముందు సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) విడ్త్ 360 తీసేసి విడ్త్ 100 శాతం, మ్యాక్స్-విడ్త్ (గరిష్ఠ వెడల్పు) 360 పెట్టాను. అయినా తగ్గలేదు.

శీర్షికలో మధ్యలో ఖాళీ లేని పొడవాటి లింకు ఉంది. అసలు చిక్కు అక్కడే. ఫ్లెక్స్ ఐటమ్‌కు, అంటే అలా పేర్చిన ఒక్కో భాగానికి, మిన్-విడ్త్ (కనీస వెడల్పు) మామూలుగా ఆటో. అంటే లోపలున్న అతి పొడవైన పదం వెడల్పు కంటే అది చిన్నది కాదు. శీర్షిక ఉన్న డివ్‌కు (పేజీలోని పెట్టె) మిన్-విడ్త్ 0, ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఎనీవేర్ (పదాన్ని ఎక్కడైనా విరవనిచ్చేది) ఇవ్వగానే లింకు విరిగి కింది వరుసకు దిగింది. మిన్-విడ్త్ 0 లేకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్ బ్రేక్-వర్డ్ ఒక్కటే ఇస్తే చాలదు, కనీస వెడల్పు లెక్కలో ఆ విరుపులు చేరవు. బొమ్మ నలిగిపోకుండా దానికి ఫ్లెక్స్-ష్రింక్ 0 (కుదించవద్దని చెప్పేది) ఇవ్వడం మంచిది.

ఓవర్‌ఫ్లో హిడెన్‌తో (పెట్టె దాటినది కనపడనివ్వనిది) మాత్రం కప్పిపెట్టకండి, అక్షరాలు తెగిపోతాయి.