మొదటి యాభై టర్నులు: సివిలైజేషన్ సిక్స్‌లో ఆరంభానికి పథకం వేసుకునే పద్ధతి

నగరాలు నిలిపి ఒక నాగరికతను పెంచే సివిలైజేషన్ సిక్స్ అనే కంప్యూటర్ ఆటలో వందో టర్నుకు (వంతుకు) చేతులెత్తేసిన ఆటలను వెనక్కి తిప్పి చూస్తే, చిక్కు దాదాపు ప్రతిసారీ మొదటి యాభై టర్నుల్లోనే దొరుకుతుంది. రెండో నగరం ఆలస్యంగా పుట్టి ఉంటుంది, మూడో నగరానికి అనుకున్న చోటును పొరుగువాడు ఆక్రమించి ఉంటాడు. మలక్‌పేటలోని మా ఇంట్లో సెలవు రోజుల్లో నేనూ మా మేనల్లుడూ ఒకే కంప్యూటర్ మీద హాట్‌సీట్ పద్ధతిలో వంతులవారీగా ఆడుతుంటాం. కొన్నేళ్ల ఆట తరువాత నాకు నిలిచిన నియమం ఒక్కటే: ఆరంభంలో తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ "దీనివల్ల తరువాతి సెట్లర్ త్వరగా వస్తాడా, ఆలస్యంగా వస్తాడా" అన్న ప్రశ్నతో తూచి చూడాలి. సెట్లర్ అంటే కొత్త నగరాన్ని నిలిపేవాడు. చుట్టుపక్కల చూసివచ్చే స్కౌట్‌ను పంపడం, మ్యాప్ మీది గడిని ఎంచుకోవడం, రాజ్యానికి లాభాలిచ్చే పాలసీ కార్డు వేయడం, నేలను బాగుచేసే బిల్డర్‌ను తయారు చేయడం, ఏదైనా సరే ఈ తూకానికి నిలవాలి. ఇక్కడ చెప్పే అంకెలన్నీ స్టాండర్డ్ వేగంలో, 2019లో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణతో ఆడే ఆటకు వర్తిస్తాయి.

రాజధానిని ఎక్కడ నిలపాలి

ఆట మొదలవగానే చేతిలో ఒక సెట్లర్, ఒక వారియర్ (యోధుడు) ఉంటారు. ముందుగా వారియర్‌ను కదిపి చుట్టూ చూడాలి, ఆ తరువాతే సెట్లర్ సంగతి తేల్చాలి. సెట్లర్‌ను ఎంచుకున్నప్పుడు మ్యాప్ మీద కనిపించే రంగులు నీటి వసతిని చెబుతాయి. మంచినీటి పక్కన నిలిపిన నగరానికి 5 నివాసాలు దొరుకుతాయి, సముద్రతీరంలో 3, ఏ నీరూ లేని చోట 2 మాత్రమే. రాజధానికి ప్యాలెస్ వల్ల మరొకటి కలుస్తుంది. జనాభా ఈ నివాసాల హద్దుకు ఒక్క అడుగు దూరంలోకి వచ్చేసరికి పెరుగుదల సగానికి పడిపోతుంది కాబట్టి, నీరు లేని చోట పెట్టిన నగరం పుట్టిన కొద్ది టర్నులకే ఎదుగూబొదుగూ లేకుండా ఆగిపోతుంది.

నీటి తరువాత చూడవలసింది మైదానపు గుట్ట. మామూలు చదును నేల మీద నగర కేంద్రం 2 ఆహారం, 1 ఉత్పత్తి ఇస్తే, మైదానపు గుట్ట మీద 2 ఆహారం, 2 ఉత్పత్తి ఇస్తుంది. ఈ ఒక్క ఉత్పత్తి కోసం ఒక టర్ను వృథా చేసుకోవాలా అని చాలామంది సందేహిస్తారు. లెక్క వేసి చూద్దాం. ప్యాలెస్ 2 ఉత్పత్తి ఇస్తుంది, మొదటి పౌరుడు పచ్చిక గుట్ట మీది అడవిలో పనిచేస్తే 2 ఆహారం, 2 ఉత్పత్తి తెస్తాడు. అంటే చదును నేల మీది రాజధాని టర్నుకు 5, గుట్ట మీది రాజధాని 6 ఉత్పత్తి చేస్తాయి. 30 ఖరీదు చేసే స్కౌట్ మొదటి చోట 6 టర్నుల్లో, రెండో చోట 5 టర్నుల్లో తయారవుతాడు. స్కౌట్ పూర్తయ్యేసరికే నడవడానికి పోయిన టర్ను తిరిగి వచ్చేసింది, ఆ తరువాత వచ్చేదంతా లాభమే. అందుకే మంచి గుట్ట ఒక్క టర్ను దూరంలో ఉంటే నడవమంటాను. రెండు టర్నులయితే నీరు, గుట్ట రెండూ కలిసి వచ్చినప్పుడే నడవాలి. మూడు టర్నులు నడిచి ఆడిన ఆట ఏదీ నాకు కలిసి రాలేదు.

నది ఒడ్డున నిలిపేటప్పుడు వరద మైదానాల విషయంలో జాగ్రత్త అవసరం. వరద వస్తే నేల సారం పెరగవచ్చు గానీ, పొలాలు పాడవుతాయి, జనం కూడా తగ్గవచ్చు. డ్యామ్ కట్టే విద్య మధ్యయుగంలో గానీ చేతికి రాదు. 1908 సెప్టెంబరులో మూసీ ఏం చేసిందో ఇంట్లో పెద్దల ద్వారా విన్న హైదరాబాదీలకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది ఆ వరద తరువాతే. ఆటలో ఆరంభ దశకు అలాంటి రక్షణ ఏదీ ఉండదు కాబట్టి, నగర కేంద్రాన్ని నదికి ఆనుకొని ఉన్న మామూలు గడిలో నిలిపి, వరద మైదానాలను పొలాలకు వదిలేయడం మేలు.

మొదటి ఇరవై టర్నుల ఉత్పత్తి

నగరం నిలిపిన వెంటనే పౌరుడు ఏ గడిలో పనిచేస్తున్నాడో తెరిచి చూడాలి. ఆటను దాని దారిన వదిలేస్తే అది తరచు ఆహారం వైపే మొగ్గుతుంది. వరి ఉన్న పచ్చిక గడి 3 ఆహారం ఇస్తుంది, ఉత్పత్తి ఏమీ ఇవ్వదు. అక్కడ పెడితే, రెండో పౌరుడికి కావలసిన 15 ఆహారం 5 టర్నుల్లో సమకూరుతుంది గానీ స్కౌట్‌కు 8 టర్నులు పడుతుంది. అడవి గుట్టలో పెడితే రెండో పౌరుడు 8 టర్నుల్లో వస్తాడు, స్కౌట్ 5 టర్నుల్లోనే బయలుదేరతాడు. రెండో దారిలో ఆహారమూ ఉత్పత్తీ రెండూ నడుస్తాయి కాబట్టి నేను దాన్నే ఎంచుకుంటాను.

వరుస విషయానికి వస్తే, మొదట స్కౌట్, తరువాత స్లింగర్ (వడిసెల విసిరే సైనికుడు), ఆ తరువాత సెట్లర్ అన్నది నాకు ఎక్కువ ఆటల్లో పనికి వచ్చిన క్రమం. పైన చెప్పిన గుట్ట మీది రాజధానిలో స్కౌట్ 5వ టర్నుకు, 35 ఖరీదు చేసే స్లింగర్ 11వ టర్ను ప్రాంతంలో పూర్తవుతారు. 8వ టర్నుకు రెండో పౌరుడు వచ్చి అతడూ అలాంటి గడిలోనే చేరితే ఉత్పత్తి 8కి పెరుగుతుంది, 80 ఖరీదు చేసే మొదటి సెట్లర్ 21వ టర్నుకు చేతిలో ఉంటాడు. సెట్లర్‌ను తయారు చేయాలంటే నగరంలో కనీసం ఇద్దరు ఉండాలి, పూర్తయ్యాక ఒకరు తగ్గుతారు. ముందే మొదలుపెడదామన్నా జనాభా రెండుకు చేరేదాకా కుదరదు గనుక, ఆ ఖాళీలో స్కౌట్, స్లింగర్ సరిగ్గా ఇమిడిపోతారు. పొరుగున వెంటనే శత్రువు కనిపిస్తే స్లింగర్లు ఇద్దరు కావాలి, అప్పుడు సెట్లర్ నాలుగైదు టర్నులు ఆగినా తప్పదు.

పాలసీ కార్డులకు దారి తెరిచే కోడ్ ఆఫ్ లాస్ అనే సివిక్ (కల్చర్‌తో నేర్చుకునే సామాజిక మెట్టు) సుమారు 14, 15 టర్నులకు పూర్తవుతుంది. అప్పుడు అర్బన్ ప్లానింగ్ కార్డు వేస్తే ప్రతి నగరానికీ 1 ఉత్పత్తి కలుస్తుంది. గాడ్ కింగ్ వేస్తే టర్నుకు 1 విశ్వాసం, 1 బంగారం వస్తాయి, 25 విశ్వాసం నిండితే పాంథియన్ అనే తొలి మత నమ్మకం దొరుకుతుంది. రిలీజియస్ సెటిల్‌మెంట్స్ అనే పాంథియన్ ఉచితంగా ఒక సెట్లర్‌ను ఇస్తుంది గానీ, ఇతరులు దాన్ని తొందరగా తీసేసుకుంటారు. పక్కన విశ్వాసం ఇచ్చే గడి ఉంటే తప్ప దాని మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా. సైనిక కార్డు చోటులో డిసిప్లిన్ వేసి, బార్బేరియన్ల (ఏ నాగరికతకూ చెందని దోపిడీ దండుల) మీద 5 బలం ఎక్కువ తెచ్చుకోవడంలో రెండో ఆలోచన అక్కరలేదు.

స్కౌట్ నడక, బార్బేరియన్ల కాపలా

స్కౌట్ దూరం వెళ్ళాలి, వారియర్ ఇంటి చుట్టూ తిరగాలి. స్కౌట్‌ను గుట్టల మీదుగా నడిపితే ఎక్కువ దూరం కనిపిస్తుంది. నగర రాజ్యాన్ని అందరికంటే ముందు కలిసినవారికి ఒక రాయబారి ఉచితంగా దక్కుతాడు. మరో నాగరికతను కలిస్తే రైటింగ్ అనే విద్యకు యురేకా, రెండో ఖండాన్ని కనుగొంటే ఫారిన్ ట్రేడ్ అనే సివిక్‌కు ప్రేరణ లభిస్తాయి. యురేకా అంటే ఆ విద్య ఖరీదులో 40 శాతం ఒక్కసారిగా తీరిపోవడం, ప్రేరణ సివిక్‌కు అదే పని చేస్తుంది. 30 ఉత్పత్తితో తయారైన స్కౌట్ ఇన్ని తెచ్చిపెడుతుంటే, దాన్ని ఆటోమేటిక్‌లో వదిలేయడం తగదు.

ఇంటి దగ్గర వారియర్‌కు ఒకే పని: బార్బేరియన్ స్కౌట్‌ను తిరిగి వెళ్ళనివ్వకూడదు. అది మన నగరాన్ని చూసిన క్షణం నుంచి దాని తల మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది, అది తన శిబిరానికి చేరితే అక్కడి నుంచి దండు బయలుదేరుతుంది. కిందటి వేసవిలో ఒక ఆటలో మా మేనల్లుడికి 16వ టర్నులో ఆ గుర్తు కనిపించింది. "మామయ్యా, అది ఒక్కటే కదా, పోనీ" అని వారియర్‌ను దూరంగా ఉన్న ఒక గ్రామం వైపు పంపించాడు. 22వ టర్నులో సెట్లర్ తయారయ్యాడు, కాపలా లేకుండానే నది వెంట బయలుదేరాడు. రెండు టర్నులు నడిచాక గుట్ట వెనక నుంచి గుర్రపు దండు వచ్చి సెట్లర్‌ను ఎత్తుకుపోయింది. 80 ఉత్పత్తి, ఒక జనాభా, అంతకు మించి 10 టర్నులు ఆ ఒక్క గడిలో పోయాయి. పట్టుబడిన సెట్లర్‌ను వెంటాడి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, వారియర్ అప్పటికి ఏడు గళ్ళ అవతల ఉన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి ఇది. సెట్లర్ పూర్తి కావడానికి మూడు టర్నుల ముందే వారియర్ నగరానికి తిరిగి రావాలి, ఇద్దరినీ ఎస్కార్ట్‌గా జతకట్టి ఒకే గడిలో నడిపించాలి. స్లింగర్ రాజధానిలో ఉండి, వారియర్ గాయపరిచి వదిలిన బార్బేరియన్‌ను చివరి దెబ్బతో పడగొట్టాలి. స్లింగర్ చేతిలో ఒక శత్రువు చనిపోతే ఆర్చరీకి యురేకా వస్తుంది గనుక, చివరి దెబ్బ ఎవరిదన్నది ముందే అనుకోవాలి.

రెండో నగరం తరువాత

మొదటి సెట్లర్ వెళ్ళగానే రెండో సెట్లర్‌ను మొదలుపెట్టాలా, కొంచెం ఆగాలా అన్నదే ఆరంభంలో అన్నిటికంటే ఆలోచించవలసిన ఘట్టం. ప్రతి సెట్లర్ ఖరీదూ ముందుదాని మీద 30 పెరుగుతుంది. రెండోది 110, మూడోది 140, రెండూ కలిపితే 250. అర్లీ ఎంపైర్ సివిక్‌తో వచ్చే కాలనైజేషన్ కార్డు సెట్లర్ల ఉత్పత్తిని 50 శాతం పెంచుతుంది కాబట్టి, కార్డు వేశాక అదే పని 167 ఉత్పత్తితో అయిపోతుంది. మిగిలే 83 మొదటి సెట్లర్ మొత్తం ఖరీదుకు దాదాపు సమానం.

అర్లీ ఎంపైర్‌కు ప్రేరణ దొరకాలంటే నగరాలన్నిటి జనాభా కలిపి 6కు చేరాలి. సెట్లర్లను వరసగా తీస్తూ పోతే రాజధాని ఒకటి, రెండు మధ్యే ఊగుతూ ఆ ఆరు ఎప్పటికీ నిండవు. కాబట్టి పొరుగువాడు దూరంగా ఉన్నప్పుడు నేను మొదటి సెట్లర్ తరువాత మాన్యుమెంట్, ఆ పైన బిల్డర్‌ను కడతాను. మాన్యుమెంట్ కల్చర్‌ను పెంచి సివిక్‌ను దగ్గర చేస్తుంది. బిల్డర్‌కు ఉన్న మూడు పనులతో మూడు గళ్ళను బాగుచేస్తే క్రాఫ్ట్స్‌మన్‌షిప్‌కు ప్రేరణ వస్తుంది, ఆహారం పెరిగి జనాభా కూడా నిండుతుంది. చేతిలో 200 బంగారం ఉంటే బిల్డర్‌ను కొనడమే మంచిది, ఆ ఉత్పత్తి మాన్యుమెంట్‌కు మిగులుతుంది. రాజధానిలో నలుగురు, రెండో నగరంలో ఇద్దరు అయిన రోజున కార్డుకు దారి తెరుచుకుంటుంది. అప్పుడు రెండు సెట్లర్లను ఆపకుండా తీయాలి. యాభయ్యో టర్నుకు మూడు నగరాలు నిలిచి, నాలుగోది దారిలో ఉంటే ఆరంభం బాగున్నట్టే.

పొరుగువాడు దగ్గరగా ఉంటే ఈ ఓపిక పనికిరాదు. అన్నిటికంటే కష్టమైన డీటీ స్థాయిలో కంప్యూటర్ ప్రత్యర్థులు మూడేసి సెట్లర్లతోనే ఆట మొదలుపెడతారు. అలాంటప్పుడు 110 పూర్తిగా పెట్టయినా రెండో సెట్లర్‌ను తీసి, చోటు పట్టుకోవాలి.

పిన్నులతో పథకం

స్కౌట్ తిరుగుతున్నప్పుడే నగరాలకు చోట్లు గుర్తించి మ్యాప్ మీద పిన్నులు గుచ్చుకోవాలి. రెండు నగర కేంద్రాల మధ్య కనీసం మూడు గళ్ళు ఖాళీ ఉండాలి, నగరం పనిచేయించగలిగేది కేంద్రం నుంచి మూడు గళ్ళ దాకానే. ఆ కొలతలో కొండల పక్కన క్యాంపస్‌కు (విద్యలను పెంచే డిస్ట్రిక్ట్‌కు, అంటే నగర విభాగానికి) ఒక పిన్ను, నీటి పక్కన కేంద్రానికి ఒక పిన్ను పెట్టుకుంటే సెట్లర్ తయారైన రోజున వెతుకులాట ఉండదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాద్‌కు పునాది వేసేనాటికి మూసీ మీద 1578 నాటి పురానాపూల్ ఉంది, హుస్సేన్‌సాగర్‌లో నీళ్ళు ఉన్నాయి. దారీ నీరూ ముందు, నగరం తరువాత. పిన్నులు గుచ్చేటప్పుడు నాకు ఎప్పుడూ ఆ వరుసే గుర్తుకు వస్తుంది.

రైటింగ్ పూర్తయిన వెంటనే క్యాంపస్‌ను దాని గడిలో మొదలుపెట్టి, కావాలంటే అక్కడే ఆపి సెట్లర్‌కు మళ్ళాలి. విద్యలు పెరిగేకొద్దీ డిస్ట్రిక్ట్‌ల ఖరీదు పెరుగుతుంది గానీ, ఒకసారి నేలమీద పెట్టినదానికి ఆనాటి ఖరీదే స్థిరపడుతుంది. మా మేనల్లుడు బన్సీలాల్‌పేట మెట్లబావిని చూసి వచ్చినప్పటి నుంచి ఇండియానే ఎంచుకుంటాడు, ఆ నాగరికతకు మెట్లబావి ప్రత్యేక నిర్మాణం. అలా ఆడేవారు ఇరిగేషన్‌ను ముందుకు జరిపి, గుట్టలు కాని గళ్ళను, అవి కూడా ఒకదాని పక్కన ఒకటి లేకుండా, మెట్లబావులకు పిన్నులతో కేటాయించుకోవాలి.

చోట్లు మూడు నాలుగు తేలాక వాటిలో వరుస నిర్ణయించాలి. పొరుగువాడికీ మనకూ మధ్యనున్న చోటుకు మొదటి సెట్లర్ వెళ్ళాలి, మన వెనక ఉన్న చోట్లు ఆగగలవు. అయితే తొమ్మిది గళ్ళ లోపు అతని నగరాలు రెండు మూడు ఉంటే అతని జనాభా తెచ్చే విధేయత ఒత్తిడికి కొత్త నగరం చేజారిపోతుంది కాబట్టి, ఆ పిన్నును రెండు గళ్ళు మన రాజధాని వైపు జరిపి, అక్కడికి వారియర్‌ను ముందుగా నడిపించి, సెట్లర్‌ను వెనకే పంపాలి.