అపార్ట్‌మెంట్‌లో సర్వే చేయాలా? ప్రశ్నలు ఇలా రాయండి

వేసవి వస్తే హైదరాబాద్‌లో నిజాంపేట, మియాపూర్ వైపు బోర్లు అడుగంటుతాయి, ట్యాంకర్ల బిల్లు పెరుగుతుంది. అప్పుడు అసోసియేషన్ వాళ్ళు ఒక ఫారం తయారు చేసి ఇంటింటికీ పంచుతారు. తిరిగొచ్చిన ఫారాలు చూస్తే సగం జవాబులు దేనికీ పనికిరావు. తప్పు నింపినవాళ్ళది కాదు, ప్రశ్నలు రాసినవాళ్ళది.

ప్రశ్నావళి అంటే అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే మాటల్లో, ఒకే వరుసలో అడగడం. అలా అడిగితేనే జవాబులన్నీ కలిపి లెక్కపెట్టగలం. ఆసుపత్రిలో బీపీ, షుగర్ ఉన్నాయా అని నింపించే కాగితం అదే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే చేయించినప్పుడు ఎన్యూమరేటర్లు 75 ప్రశ్నలతో మన గుమ్మం ముందుకు తెచ్చిందీ అదే.

కావలసినవి ఏ4 కాగితాలు, జిరాక్స్, పెన్నులు. ఒకవైపే ప్రింట్ తీయించండి. పది ప్రశ్నలు దాటకూడదు. పేరు అడగకూడదు.

ముందుగా, ఈ జవాబులతో ఏం తేల్చుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. “మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పించాలి?” అన్నంత స్పష్టంగా ఉండాలి. దానికి అక్కరలేని ప్రశ్న ఎంత ఆసక్తిగా ఉన్నా కొట్టేయండి.

ఇక ప్రశ్న రాయడం. అందరూ దెబ్బతినేది ఇక్కడే, తొందరపడకండి.

“నీళ్ళు, లిఫ్టు మెయింటెనెన్స్ బాగున్నాయా?” అని అడుగుతారు. నీళ్ళు బాగానే వచ్చి లిఫ్టు ఆగిపోతుంటే ఆ మనిషి ఎక్కడ టిక్కు పెట్టాలి? ఒక ప్రశ్నలో ఒక్క సంగతే ఉండాలి. “నీళ్ళు వృథా చేసేవాళ్ళకి ఫైన్ వేయాలి కదా?” అనేది ఇంకో రకం తప్పు. ఆ “కదా” చూశాక కాదనడానికి మొహమాటం అడ్డొస్తుంది.

మాట మారితే జవాబు ఎంత మారుతుందో డొనాల్డ్ రగ్ అనే అమెరికా పరిశోధకుడు 1941లోనే చూపించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ఉపన్యాసాలను అనుమతించాలా అని అమెరికాలో కొందరిని అడిగితే, వద్దన్నవాళ్ళు 62 శాతం. నిషేధించాలా అని వేరే కొందరిని అడిగితే, అవునన్నవాళ్ళు 46 శాతమే. రెండు ప్రశ్నలూ తేల్చేది ఒకే విషయాన్ని.

“మీకు నీళ్ళు సరిపోతున్నాయా?” అని కూడా అడగకండి. ఒకరికి సరిపోయింది ఇంకొకరికి సరిపోదు. “గత 7 రోజుల్లో ఎన్ని రోజులు కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి?” అనండి. కింద 0, 1–2, 3–4, 5–7, గుర్తులేదు అని గడులు ఇవ్వండి. 1–3, 3–5 అని ఇస్తే మూడు రోజులు ఆగినవాళ్ళు ఎటు వెళ్ళాలి? డబ్బుకి సంబంధించిన ప్రశ్నలు చివర్లో పెట్టండి.

జిరాక్స్‌కి ఇచ్చే ముందు ముగ్గురి చేత నింపించాలి. ఈ పని మానేసే వీలు లేదు. వాళ్ళలో ఒకరు పెద్దవాళ్ళు, ఒకరు అద్దెకుండేవాళ్ళు అయ్యుండాలి. “ఆంటీ, పైకి చదువుతూ నింపండి” అని పక్కన కూర్చోండి, మీరు మాత్రం నోరు విప్పకండి. “మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?” అన్న దగ్గర ఆవిడ పెన్ను ఆగుతుంది. “అమెరికాలో ఉన్న మా అబ్బాయిని కూడా వేయాలా బాబూ?” అంటుంది. మీరు నోటితో సర్దిచెప్పాల్సి వచ్చిందంటే ఆ ప్రశ్న మార్చాలి. “నిన్న రాత్రి మీ ఫ్లాట్‌లో ఎంతమంది పడుకున్నారు?” అని రాయండి, ఇంక ఆ సందేహం రాదు.

వాట్సాప్ పోల్ పెడితే అయిపోతుంది కదా అంటారు. అయిపోదు. ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది, సెక్రటరీ వేసినవైపే చాలామంది వేస్తారు. పైగా చాలా చోట్ల గ్రూపులో ఓనర్లే ఉంటారు, నీళ్ళు వాడేదేమో అద్దెకున్నవాళ్ళు. జవాబులు ఎన్ని వచ్చాయన్నదానికంటే ఎవరివి వచ్చాయన్నది ముఖ్యం. 1936లో అమెరికా ఎన్నికల మీద లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకి ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చినా దాని అంచనా తలకిందులైంది. ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాల నుంచే పేర్లు తీసుకోవడం దానికి ఒక పెద్ద కారణం. కాబట్టి ప్రతి తలుపూ తట్టండి. మన సిటీలో ఉర్దూ, హిందీ కాపీలు కూడా తప్పనిసరి. చదవలేనివాళ్ళకి మీరే చదివి వినిపించండి, కాగితం మీద ఉన్న మాట మార్చకుండా.

ఫారాలు వేయడానికి వాచ్‌మన్ గది దగ్గర మూతకి చీలిక ఉన్న డబ్బా పెట్టండి. రెండు రోజులు చాలు. లెక్కేసేటప్పుడు ఖాళీగా వదిలిన గడిని “లేదు” కింద కలపకండి, విడిగా రాయండి. ఎన్ని ఫారాలు ఇచ్చారో, ఎన్ని తిరిగొచ్చాయో పైన రాసి, ఫలితాలు లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో అంటించండి.